చేవ ఉన్నంత మేర

నా భూమిలో ఒక కొయ్య వంతెన ఉంది.
పొడవు రెండు బారలు, పైన ఒక మూరెడు.
ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సినంత వెడల్పు.
నార్వే పటాల్లో ఎక్కడా దొరకదు.
కింది వాగుకు సర్కారు పేరు పెట్టలేదు,
మేం ‘గొణుగుడు’ అంటాం.
మంచు కరిగే నెలలో మాత్రం
అది గొణగదు, కేకలేస్తుంది.

మున్సిపాలిటీ నుంచి ఒక కుర్ర ఇంజినీరు వచ్చాడు.
“రెండు సిమెంటు తూములు పడేసి మట్టి కప్పెయ్యండి,
రెండు రోజుల పని” అన్నాడు.
మంచివాడే. కాఫీ రెండుసార్లు అడిగి తాగాడు.
కారు దగ్గరికి తిరిగి వెళ్ళేటప్పుడు
చుట్టుదారి మానేసి
వంతెన మీంచే నడిచాడు.

ఆ సాయంత్రం బూట్లు కుట్టే ఆరె పట్టుకుని
వాగులోకి దిగాను.
ఎగువ దూలం టక్‌మంది.
దిగువ దూలంలో, అటు చివర,
ఉడికిన బంగాళాదుంపలోకి దిగినట్టు
పిడిదాకా దిగిపోయింది.

పడవలు చేసే ఇంటి పిల్ల ఓడ్నీ వచ్చి చూసింది.
దూలాన్ని వేలి కణుపులతో కొడుతూ
చెవి ఆనించి విన్నది, డాక్టరులా.
“రెండు మూరలు పుచ్చింది. మిగతాదంతా చేవ.
పుచ్చింది కోసి లార్చ్ ముక్క అతుకుతాను.
కొత్తది కావాలంటే ఇంకా చవక.”
చవకది వద్దన్నాను.
ఎందుకని ఆమె అడగలేదు, కాబట్టి
నేనూ ఆలోచించుకోలేదు.

చిక్కల్లా ఒకటే. పుచ్చిన చివర ఉన్న ఒడ్డు తార్యైది.
తార్యైకీ నాకూ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.
ఒక పొట్టేలు గురించి. అది నాది కాదు.
ఆ సంగతి ఇప్పుడొద్దు.

ఉత్తరం రాశాను.
అది నలభై కిలోమీటర్ల అవతలి ఊరికి వెళ్ళి
ముద్ర వేయించుకుని
నా వంటింటి కిటికీలోంచి కనిపించే
తలుపు దగ్గరికి వచ్చింది.
జవాబు రాలేదు.
నాలుగో రోజు తెల్లవారేసరికి
అటు ఒడ్డున రెండు పాత రైల్వే జాకీలు,
పేర్చిన బల్లపరుపు రాళ్ళు,
వాటి పక్కన నాకు వీపు పెట్టి తార్యై.

పలకలు ఇరవై. ఒక్కొక్కటే ఊడదీసి
అడుగున సుద్దతో నంబరు వేస్తూ పోయాను.
ఏడోదాని కింద ఏడు వెయ్యబోతే
ముందే ఉంది అక్కడ,
వడ్రంగి పెన్సిలుతో గీసిన పాత ఏడు.
ఎవరో నాకన్నా ముందు
ఇదే వాగులో, ఇలాగే మోకాళ్ళదాకా తడిసి
లెక్క పెట్టుకున్నారు.
ఎనిమిది కింద ఎనిమిది.
తొమ్మిదోదాని కింద పదకొండు.
తొందరలోనో, చలికి వేళ్ళు కొంకర్లు పోయో
మార్చి బిగించేశారు.
“సరిచేద్దామా?” అంది ఓడ్నీ, మేకులు నోట్లో పెట్టుకుని.
ఉండనీ అన్నాను.

జాకీ మీద దూలం వేలెడు వేలెడుగా లేచింది.
అతుకు కూర్చున్నప్పుడు
ఒక్క చప్పుడు చేసింది, అంతే,
పెట్టె మూత పడినట్టు.
తారు పూశాం. ఆ వాసన
వారం రోజులు నా జుట్టులో, రొట్టెలో.
ఆరకముందే తార్యై కుక్క దాటింది,
నాలుగు పాదాల గుర్తులు అలాగే ఉన్నాయి.

పోతూ పోతూ తార్యై వంగి, ఒక కన్ను మూసి చూసి,
“నీ వైపు అరంగుళం దిగింది” అన్నాడు.
“ముందునుంచీ అంతే” అన్నాను.
ఈ ఏడాదికి మా మాటలు అవే.

నిన్న రాత్రి తొలి మంచు పడింది.
పొద్దున కట్టెలకని బయటికి వస్తే
వంతెన మీద బూటు ముద్రలు, పెద్దవి,
అటు ఒడ్డునుంచి
పదకొండు అని రాసి ఉన్న తొమ్మిదో పలక దాకా వచ్చి
కాసేపు అక్కడే తొక్కినట్టు చెదిరి
వెనక్కి.